నాలుగు చానళ్లలో మిశ్రచాపు

2000 తర్వాత మొదటి పదేళ్లలో బెజవాడలో కంప్యూటర్ కొన్నవాళ్లకి, లేదా గవర్నర్‌పేట డీటీపీ సెంటర్లలో శుభలేఖ ప్రూఫ్ కోసం గంటల తరబడి కూర్చున్నవాళ్లకి ఒక సంగీతం తెలిసే ఉంటుంది, దాన్నేమంటారో మాత్రం తెలిసి ఉండదు. సాఫ్ట్‌వేర్ ఎక్కించే కుర్రాడు సీడీలోంచి ఏదో బుల్లి ఫైల్ మీద నొక్కేవాడు, నల్లటి చిన్న విండో ఒకటి తెరుచుకునేది, అందులో సీరియల్ నంబర్ పుట్టించే బటన్, ఈలోపు స్పీకర్లలోంచి టింగుటింగుమంటూ ట్యూన్ మొదలు. కుర్రాడు గబుక్కున వాల్యూమ్ తగ్గించేవాడు (దొంగ సాఫ్ట్‌వేర్ అని భయపడి కాదు, ఓనర్‌కి గోల పడదు, అంతే). అది కీజెన్. ప్రోగ్రామూ, బొమ్మా, పాటా అన్నీ కలిపి వంద కేబీ కూడా ఉండేది కాదు చాలాసార్లు. అదే రోజుల్లో ఒక్క ఎంపీత్రీ దింపుకోవాలంటే నెట్ సెంటర్‌లో అరగంట డబ్బులు సమర్పించుకోవాల్సి వచ్చేది. మరి ఇంత పాట అంత చిన్న ఫైల్లో ఎలా పట్టింది?

అవి ట్రాకర్ ఫైళ్లు. వాటి గురించి తెలుగులో ఎవరైనా రాశారేమో అని వెతికి వెతికి, ఇక నేనే రాసేద్దామని కూర్చున్నా.

తేలిగ్గా చెప్పాలంటే, ఎంపీత్రీ కచేరీని పట్టిన క్యాసెట్ అయితే, ట్రాకర్ ఫైల్ స్వరాలు రాసుకున్న నోటుపుస్తకాన్నీ వాయిద్యాలనీ ఒకే సంచిలో సర్ది పంపినట్టు. వాయించేవాడు మాత్రం సంచిలో రాడు, వాడు మన దగ్గరే ఉండాలి. ప్లేయర్ సాఫ్ట్‌వేరే ఆ వాయించేవాడు. అందుకే వీటి విషయంలో ప్లేయర్ కోడ్ అందరికీ తెరిచి ఉండటం అనేది నాకు సిద్ధాంతాల గొడవగా అనిపించదు. పంచమం సరిగ్గా పలుకుతుందా లేదా అన్నది కూడా ఆ కోడ్ మీదే ఆధారపడి ఉంటుంది. ఊరికే అనడం లేదు, కింద లెక్కతో సహా చూపిస్తాను.

ముందు ఫైల్ లోపల ఏముందో చూద్దాం. 1987లో జర్మనీకి చెందిన కార్స్టెన్ ఒబార్స్కీ కమడోర్ అమీగా కంప్యూటర్ కోసం అల్టిమేట్ సౌండ్‌ట్రాకర్ అనే ప్రోగ్రామ్ రాశాడు. ఈ తరహా సంగీతం మొత్తానికి మొదలు అదే. అమీగా మన వైపు పెద్దగా రాలేదు, దాన్ని కళ్లతో చూసినవాళ్లెవరూ నాకు తెలిసినవాళ్లలో లేరు. దాంట్లో పౌలా అనే చిప్ ఉండేది, నాలుగు చానళ్లు, 8 బిట్ల శాంపిళ్లు (శాంపిల్ అంటే వాయిద్యం శబ్దాన్ని రికార్డు చేసి పెట్టుకున్న చిన్న తునక). అంటే ఒకేసారి నాలుగు శబ్దాలు మోగుతాయి, ఐదోది మోగాలంటే నాలుగింట్లో ఒకటి ఆగాలి. మొదట్లో ఒక పాటకి 15 శాంపిళ్లే, తర్వాత వచ్చిన ట్రాకర్లు (ఇలాంటి పాటలు కట్టే ప్రోగ్రాములు) దాన్ని 31 చేశాయి. మాడ్ ఫైల్ అని ఇప్పుడు మనం పిలిచేది ఆ 31 శాంపిళ్ల రకాన్నే.

లోపలి అమరిక ఎంత సింపుల్‌గా ఉంటుందంటే, ఆదివారం మధ్యాహ్నం భోజనం చేసి కూర్చుంటే టీ టైముకి దాన్ని విప్పే పైథాన్ స్క్రిప్ట్ రాసేయొచ్చు. మొదటి 20 బైట్లు పాట పేరు. తర్వాత 31 శాంపిళ్లకి తలా 30 బైట్లు: పేరుకి 22, మిగతావాటిలో పొడవు, శ్రుతి సవరణ, వాల్యూమ్, లూప్ ఎక్కడ మొదలై ఎంత దూరం నడవాలి అన్నవి. తర్వాత రెండు బైట్లు, వాటి వెనక ఏ ప్యాటర్న్ (పాటలో ఒక ముక్క) తర్వాత ఏది వాయించాలో చెప్పే 128 బైట్ల వరుస. కూడితే 1080. సరిగ్గా అక్కడ ‘ఎమ్.కె.’ అనే నాలుగు బైట్ల గుర్తు ఉంటుంది, ప్లేయర్లు మాడ్ ఫైల్‌ని పోల్చుకునేది దాంతోనే. ఆ వెంటనే ప్యాటర్న్‌లు. ఒక్కో ప్యాటర్న్‌లో 64 వరుసలు, వరుసకి నాలుగు చానళ్లు, చానల్‌కి నాలుగు బైట్లు, మొత్తం 1024. చివర్లో శాంపిళ్ల ముడి శబ్దం. అంతే.

శాంపిల్ పేర్ల కోసం ఇచ్చిన ఆ 22 బైట్ల గళ్లలో జనం పేర్లు రాయడం మానేసి ఉత్తరాలు రాసుకునేవాళ్లు. పాత ఫైల్ ఏదైనా తెరిస్తే కిక్, స్నేర్ అని ఉండాల్సిన చోట స్నేహితులకి పలకరింపులు, ప్రత్యర్థి ముఠాలకి (ఇలాంటి పాటలు చేసే బృందాలకి) చురకలు, పోస్టల్ అడ్రస్‌లు కనిపిస్తాయి. నేను తెలుగులో రాద్దామని చూశా గానీ యూటీఎఫ్-8లో తెలుగు అక్షరానికీ గుణింతపు గుర్తుకీ విడివిడిగా మూడేసి బైట్లు పడతాయి కాబట్టి 22 బైట్లలో ఏడు దాటవు, ఆ ఏడూ కూడా ప్లేయర్ పాత పాశ్చాత్య అక్షరాలనుకుని పిచ్చిగీతలు చూపిస్తుంది.

ఇక కాలం లెక్క. యూరప్‌లోని పాల్ టీవీ పద్ధతిలో (మన దూరదర్శన్‌దీ అదే) తెర సెకనుకి 50 సార్లు తాజా అవుతుంది, అమీగా ట్రాకర్ ఆ దరువునే పట్టుకుని సెకనుకి 50 టిక్కులు నడుస్తుంది. మామూలుగా ఆరు టిక్కులకి ఒక వరుస. అంటే వరుసకి 0.12 సెకన్లు, 64 వరుసల ప్యాటర్న్‌కి 7.68 సెకన్లు. ఈ అంకెలు గుర్తుపెట్టుకోండి, మళ్లీ పనికొస్తాయి.

తర్వాత పీసీల కాలం వచ్చింది. ఫిన్లాండ్ ముఠా ఫ్యూచర్ క్రూ వాళ్ల స్క్రీమ్ ట్రాకర్ 3 ఎస్‌త్రీఎమ్ ఫార్మాట్ తెచ్చింది, స్వీడన్‌వాళ్ల ఫాస్ట్‌ట్రాకర్ 2 ఎక్స్‌ఎమ్ తెచ్చింది, 1995లో జెఫ్రీ లిమ్ ఇంపల్స్ ట్రాకర్ ఐటీ ఫార్మాట్ తెచ్చింది. కీజెన్లలో మనం విన్నవి ఎక్కువగా ఎక్స్‌ఎమ్‌లే. లాన్ గేమింగ్ సెంటర్లలో రాత్రుళ్లు గడిపిన బ్యాచ్‌కి ఇంకో మాట: 1999లో వచ్చిన అన్‌రియల్ టోర్నమెంట్ ఆటలో సంగీతమంతా ట్రాకర్ మాడ్యూళ్లే, యూఎమ్‌ఎక్స్ అనే తొడుగులో పెట్టారు, ఇవాళ్టి ప్లేయర్లలో వేస్తే నేరుగా మోగుతాయి. హెడ్‌ఫోన్స్ పెట్టుకుని విని చూడండి, కాల్చుకునే హడావిడిలో ఎంత మంచి బాస్ లైన్లు చెవిన పడకుండా పోయాయో తెలుస్తుంది.

ఇప్పుడు వాయించేవాడి దగ్గరకి వద్దాం.

అమీగాలో ఒకటో, నాలుగో చానళ్లు పూర్తిగా ఎడమ స్పీకర్‌కి, రెండు, మూడు పూర్తిగా కుడి స్పీకర్‌కి వెళ్తాయి. గదిలో స్పీకర్లు పెట్టుకుని వింటే బానే ఉంటుంది. హెడ్‌ఫోన్స్‌లో అయితే డ్రమ్స్ ఒక చెవిలో, పాట ఇంకో చెవిలో, పది నిమిషాలకి తలనొప్పి. అందుకని ప్లేయర్లన్నీ ఎడమకుడుల్ని దగ్గరికి జరిపే ఒక సెట్టింగ్ ఇస్తాయి. ఎంత జరపాలన్నది మాత్రం ఒక్కో ప్లేయర్‌ది ఒక్కో లెక్క. ఇక శాంపిల్‌ని సాగదీసినప్పుడు మధ్య ఖాళీలు ఎలా పూరించాలన్నది ఇంకో తగువు. అమీగా అసలు పూరించదు, మెట్లు మెట్లుగానే వినిపిస్తుంది, ఆ గరగరే దాని రుచి. ఇప్పటి లైబ్రరీలు డీఫాల్ట్‌గా నున్నగా చేసి వినిపిస్తాయి. నా మట్టుకు నాకు, అమీగా పాటలకి నునుపు తీసేయాలి, ఐటీ ఫైళ్లకి ఉంచాలి. లిబ్‌ఓపెన్‌ఎమ్‌పీటీ అనే ప్లేయర్ లైబ్రరీలో అమీగా చిప్‌ని అనుకరించే సెట్టింగ్ విడిగా ఉంది, మాడ్ ఫైళ్లకి అది పెట్టుకుంటే ఇక వేరే ఆలోచనే అక్కర్లేదు.

అసలు చిక్కు మాత్రం ఇవేవీ కావు. ఈ ఫార్మాట్లకి సరైన ప్రమాణ పత్రం అంటూ లేదు. ఏ ట్రాకర్‌లో రాశారో ఆ ట్రాకర్ ఎలా వాయిస్తే అదే రైటు, అందులో ఉన్న తప్పులతో సహా. దీనికి నాకు బాగా నచ్చిన ఉదాహరణ ఫాస్ట్‌ట్రాకర్ 2లో ఆర్పెజియో. మూడు స్వరాల్ని టిక్కు టిక్కుకీ మారుస్తూ ఒకే చానల్‌లో కార్డ్ (మూడూ కలిసి మోగడం) వాయించినట్టు భ్రమ కలిగించడమే ఆర్పెజియో. ఏ టిక్కుకి ఏ స్వరమో లెక్కకట్టకుండా ఆ ప్రోగ్రామ్ 16 గళ్ల పట్టికలో చూసుకుంటుంది. వరుసకి 16 టిక్కులు దాటితే పట్టిక అయిపోతుంది, కానీ హద్దు దాటామా లేదా అని చూసుకునే కోడ్ లేదు, కాబట్టి మెమరీలో దాని పక్కనే ఉన్న వైబ్రాటో (స్వరాన్ని ఊపే) పట్టికలోకి వెళ్లి అక్కడి అంకెల్ని చదివేస్తుంది. వింతగా పలుకుతుంది. ఆ వింత చప్పుడు నచ్చో, తెలియకో, దాన్ని నమ్ముకుని ఎవరైనా పాట కట్టి ఉంటే? అందుకని ఓపెన్‌ఎమ్‌పీటీ అనే ఓపెన్ సోర్స్ ట్రాకర్ రాసేవాళ్లు హద్దు దాటి చదివే ఆ తప్పుని కూడా కావాలని అనుకరించారు. ఇలాంటి ఒక్కో విచిత్రానికీ ఒక్కో చిన్న పరీక్ష ఫైల్ తయారుచేసి, ఇది ఇలా మోగాలి అని రాసి అందరికీ పెట్టారు. వేరే ప్లేయర్ రాసుకునేవాళ్లు కూడా వాటితోనే సరిచూసుకోవచ్చు. కోడ్ మూసుకుని కూర్చునే వ్యవహారంలో ఇది జరిగే పని కాదు.

ఈ ఓపెన్‌ఎమ్‌పీటీకి పెద్ద కథే ఉంది గానీ కుదించి చెప్తా. ఒలివియే లాపిక్ అనే ఆయన విండోస్ కోసం మాడ్‌ప్లగ్ ట్రాకర్ రాశాడు. 1999లో అందులో పాట వాయించే భాగం వరకు తీసి, లినక్స్‌లోని ఎక్స్‌ఎమ్‌ఎమ్‌ఎస్ ప్లేయర్‌కి ప్లగిన్ రాసుకోమని ఇచ్చేశాడు. అదే లిబ్‌మాడ్‌ప్లగ్ అయింది, వీఎల్‌సీ మాడ్ ఫైళ్లు వాయించగలగడం దాని పుణ్యమే. తర్వాత ట్రాకర్ మొత్తం కోడ్ బయటికొచ్చింది, ఆయన వదిలేసిన చోటు నుంచి వేరేవాళ్లు ఓపెన్‌ఎమ్‌పీటీ పేరుతో ఎత్తుకున్నారు, వాయించే భాగాన్ని మళ్లీ లిబ్‌ఓపెన్‌ఎమ్‌పీటీ అనే లైబ్రరీగా విడదీశారు. బీఎస్‌డీ లైసెన్స్, ఎవరైనా ఎందులోనైనా వాడుకోవచ్చు. ఇవాళ ఆడేషస్ ప్లేయర్‌లో ఉన్నది అదే, ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్‌లో కలుపుకునేదీ అదే.

దీని పక్కన విన్‌ఆంప్ సంగతి చూడండి. మన తరానికి పాటలు విన్పించిందే అది. 2024 సెప్టెంబరులో దాని సోర్స్ కోడ్ నెట్‌లో పెట్టారు, కానీ మార్చిన కోడ్‌ని ఇంకొకరికి పంచకూడదని లైసెన్స్‌లో రాశారు. జనం ఊరుకోలేదు, అక్టోబరులో ఆ కోడ్‌ని తీసేశారు. ఇంకోవైపు ఇంపల్స్ ట్రాకర్ చూడండి, అది కథలో ట్విస్టు. జెఫ్రీ లిమ్ ఆ ట్రాకర్‌ని ఉచితంగానే ఇచ్చాడు, స్టీరియోలో వేవ్ ఫైల్ రాసే ప్లగిన్‌కి మాత్రం డబ్బులు తీసుకునేవాడు. దాన్ని ఎవరో పైరసీ చేసి పంచేశారు, ఆయన విసిగిపోయి ఇక అభివృద్ధి ఆపేస్తున్నానని చెప్పాడు. (ట్రాకర్ పాటలతో మోగిపోయే కీజెన్ల లోకమే ఒక ట్రాకర్‌ని చంపేసింది, చూడండి.) అదే మనిషి 2014లో మొత్తం సోర్స్‌ని బీఎస్‌డీ లైసెన్స్ కింద ఇచ్చేశాడు. అసెంబ్లీ భాషలో ఉంటుంది, నాకు పాతిక పాళ్లు కూడా అర్థం కాదు. అప్పటికే దాన్ని అచ్చుగుద్దినట్టు తిరగరాసిన షిజమ్ ట్రాకర్ అనే జీపీఎల్ (ఇదీ ఓపెన్ సోర్స్ లైసెన్సే) ప్రోగ్రామ్ ఉంది, కాబట్టి ఆ పాత తెర, ఆ పాత కీలు లినక్స్‌లోనూ దొరుకుతాయి.

ఏం వేసుకోవాలని అడిగితే: వినడం వరకే అయితే ఆడేషస్ చాలు, లినక్స్‌లోనూ విండోస్‌లోనూ నడుస్తుంది. టెర్మినల్‌లో బతికేవాళ్లకి ఓపెన్‌ఎమ్‌పీటీ123, లేదా ఎక్స్‌ఎమ్‌పీ. ఈ ఎక్స్‌ఎమ్‌పీ 1996 నుంచీ ఉంది, లెక్కలేనన్ని వింత ఫార్మాట్లు చదువుతుంది. పాట నడుస్తుంటే స్వరాలు తెరమీద పాకడం చూడాలనుకుంటే ఓపెన్ క్యూబిక్ ప్లేయర్, డాస్ రోజులది, ఇప్పుడు లినక్స్‌లో ఉంది, నాకు ఇదంటే ప్రత్యేకమైన అభిమానం. ఫోన్‌లో అయితే వీఎల్‌సీతో పని జరిగిపోతుంది. పాటలు కావాలంటే 1996 నుంచి నడుస్తున్న మాడ్ ఆర్కైవ్ ఉంది.

వినడం మాత్రమే అయితే ఈ పోస్ట్ ఇంత పొడుగు అయ్యేది కాదు. మాది సత్యనారాయణపురం. కింద పోర్షన్‌లో ఉండే పిన్నిగారు వీణ పాఠాలు చెప్తారు, సాయంత్రమైతే పిల్లల సరళీ స్వరాలు మెట్లమీదుగా పైకి వస్తుంటాయి. విని విని నాకొక పురుగు తొలిచింది. మాడ్ ఫైల్‌లో స్వరాల పరిధి పాశ్చాత్య పేర్లలో సి-1 నుంచి బి-3 వరకు, సరిగ్గా మూడు స్థాయులు. షడ్జమాన్ని సి దగ్గర పెట్టుకుంటే మంద్ర, మధ్య, తార స్థాయులు మూడూ వచ్చేస్తాయి. నాలుగు చానళ్లలో ఒకటి వీణకి, ఒకటి తంబురాకి, రెండు మృదంగానికి. ఇంతకన్నా ఏం కావాలి?

పిన్నిగారి వీణ మీద షడ్జమం ఒక్కటి ఫోన్‌లో రికార్డు చేశాను. ఆడాసిటీలో (ఇదీ ఓపెన్ సోర్సే) కత్తిరించి, శ్రుతి సి కి జరిపి, శాంపిల్ వేగాన్ని 8287 హెర్ట్‌జ్‌కి దించాను. ఆ అంకె ఏమిటంటే, అమీగా గడియారం సెకనుకి 3546895 సార్లు కొట్టుకుంటుంది, సి-2కి పీరియడ్ (శాంపిల్‌లో ఒక అంకె నుంచి తర్వాతి అంకెకి వెళ్లడానికి పట్టే గడియారపు దెబ్బలు) 428, దాంతో భాగిస్తే 8287. అంత తక్కువ వేగంలో వీణ తీగ మీద గోరు మీటిన ఆ మెరుపు సగం పోతుంది. రెట్టింపు వేగంతో తీసుకుని సి-3 దగ్గర వాయించొచ్చు, మెరుపు మిగులుతుంది, కానీ అప్పుడు తార స్థాయి చేజారిపోతుంది. నేను స్థాయే ఉంచుకున్నాను.

మృదంగం విషయంలో అమీగా ఎడమకుడుల మొరటుతనం కలిసొచ్చింది. తొప్పి దెబ్బల్ని ఒకటో చానల్‌లో పెడితే అవి ఎడమ నుంచి, వలంతల దెబ్బల్ని రెండో చానల్‌లో పెడితే అవి కుడి నుంచి వస్తాయి. వాయించేవాడి ఎడమా కుడీ ఉన్నట్టే. వీణ మూడులో, తంబురా నాలుగులో లూప్ చేసి వదిలేశాను.

ఆదితాళం అయితే ఈ ఫార్మాట్‌కి కుట్టించినట్టు సరిపోతుంది. ఎనిమిది అక్షరాలు, అక్షరానికి ఎనిమిది వరుసలు, 64, ఒక ప్యాటర్న్ ఒక ఆవర్తనం, 7.68 సెకన్లు. నాకు మాత్రం మిశ్రచాపు కావాలి. ఏడు అక్షరాలు, అక్షరానికి నాలుగు వరుసలు, 28. రెండు ఆవర్తనాలకి 56. మిగిలిన ఎనిమిది వరుసల్ని ఏం చేయాలి? సున్నా నుంచి లెక్కపెట్టి 55వ వరుసలో డి00 అనే ఆజ్ఞ పెడితే ప్లేయర్ అక్కడితో ప్యాటర్న్ వదిలేసి తర్వాతి దాని మొదటి వరుసకి దూకుతుంది. అడుగున ఎనిమిది వరుసలు ఎవరూ చూడకుండా ఖాళీగా పడుంటాయి. ఎక్స్‌ఎమ్, ఐటీల్లో ప్యాటర్న్ పొడుగు మనిష్టం, 56 అని పెట్టేస్తే సరి, ఈ అగత్యం లేదు.

గమకాలు అసలు పరీక్ష. జారు ఉంది కదా, ఒక స్వరం మీంచి ఇంకో స్వరానికి తెగకుండా జారడం, దానికి ట్రాకర్‌లో అచ్చంగా ఒక ఆజ్ఞ ఉంది: 3 తర్వాత రెండు అంకెలు. గమ్యం స్వరం రాసి, టిక్కుకి ఎన్ని మెట్లు జరగాలో చెప్తే, అక్కడికి చేరేవరకు జరిగి ఆగుతుంది. మోహనంలో గాంధారం నుంచి పంచమానికి జారాలనుకోండి. అంతర గాంధారం ఇ-2, దాని పీరియడ్ 339. పంచమం జి-2, దానిది 285. మధ్య దూరం 54. వరుసకి టిక్కులు ఆరు, కానీ మొదటి టిక్కులో జారుడు ఉండదు, కాబట్టి జరిగేది ఐదు సార్లు. టిక్కుకి 10 చొప్పున పెడితే ఐదుసార్లకి 50, ఇంకా 4 మిగిలిపోతుంది, తర్వాతి వరుసలో ఆజ్ఞ కొనసాగించకపోతే స్వరం 289 దగ్గరే ఆగిపోతుంది. 11 పెడితే 55, గమ్యం దాటబోయి సరిగ్గా పంచమం మీద ఆగుతుంది. పదహారంకెల పద్ధతిలో ఇవి 0ఏ, 0బి.

ఏది ఏదో చెప్పకుండా రెండూ పిన్నిగారికి వినిపించాను. కాఫీ గ్లాసు కింద పెట్టకుండానే, “మొదటిది పంచమం అందలేదురా. రెండోది సరిపోయింది,” అన్నారు. ఆ తేడా ఎంతంటే స్వరస్థానానికీ స్వరస్థానానికీ మధ్య ఉండే దూరంలో నాలుగో వంతు. “ఎంత తక్కువైందో లెక్క ఉంది పిన్నిగారూ, నాలుగు,” అన్నాను. “నాలుగు ఏమిట్రా?” అంటే ఏం చెప్పాలో తోచలేదు, అమీగా గడియారం గురించి చెప్పడం మొదలుపెట్టేసరికి ఆవిడ ఇంకో పిల్ల పాఠానికి లేచారు.

ఇక్కడే ప్లేయర్ కోడ్ సంగతి. మొదటి టిక్కులో జరగదు అని ఫైల్లో ఎక్కడా రాసి ఉండదు, ఫైల్లో ఉండేది 3, 0, ఏ అంతే. ఏ ప్లేయర్ అయినా తెలియక ఆరు టిక్కులూ జరిపితే 0ఏ కూడా పంచమాన్ని అందుకుంటుంది, పిన్నిగారు తప్పు పట్టిన ఫైల్ ఒప్పయిపోతుంది. ఏది రైటో తేల్చుకోవడానికి నేను ఎవరినీ అడగక్కర్లేకపోయింది. లిబ్‌ఎక్స్‌ఎమ్‌పీ (ఎక్స్‌ఎమ్‌పీ లోపలి లైబ్రరీ) కోడ్ తెరిచాను, లిబ్‌ఓపెన్‌ఎమ్‌పీటీ కోడ్ తెరిచాను, రెండింట్లోనూ జారుడు మొదటి టిక్కు దాటాకే. ఇదే జారు తార స్థాయిలో చేస్తే ఇ-3 170, జి-3 143, దూరం 27 మాత్రమే, అంటే అదే 0బి అక్కడ రెట్టింపు తొందరగా అయిపోతుంది. ఎక్స్‌ఎమ్, ఐటీల్లో అన్ని స్థాయులకీ ఒకే కొలత పెట్టుకునే వీలుంది, అదొక సుఖం.

కంపితం (స్వరాన్ని ఊపే గమకం) దగ్గర మాత్రం పప్పులుడకలేదు. వైబ్రాటో ఆజ్ఞ 4 ఉంది కదా అని రిషభం మీద పెట్టాను. “ఇది కంపితం కాదు నాన్నా, వణుకు,” అన్నారు పిన్నిగారు. నిజమే, వైబ్రాటో స్వరానికి పైకీ కిందికీ సమానంగా ఊగుతుంది, యంత్రంలా ఒకే కొలత. వీణ మీద వేలు అలా ఊగదు, ఏ స్వరం నుంచి బయలుదేరుతుందో, ఎక్కడ ఎంతసేపు ఆగుతుందో రాగాన్ని బట్టి మారుతుంది. చివరికి 4ని వదిలేసి, వరుస వరుసకీ గమ్యం మారుస్తూ 3తోనే అటూ ఇటూ జార్చాను. ఒక్క దీర్ఘ స్వరానికి ఎనిమిది వరుసలు నింపాలి, చాకిరీ. కానీ విన్నప్పుడు ఆవిడ ముఖం చిట్లించలేదు, నాకది చాలు.

ఫైల్ మొత్తం ఎనిమిది ప్యాటర్న్‌లు, నాలుగు శాంపిళ్లు, అన్నీ కలిపి 43 కేబీ. ప్యాటర్న్‌ల వరుసని అటూ ఇటూ తిప్పితే రెండున్నర నిమిషాల పైనే మోగుతుంది. అదే నిడివి మామూలు 128 కేబీపీఎస్ ఎంపీత్రీ అయితే ఇరవైనాలుగు లక్షల బైట్లు దాటుతుంది. గుంటూరులో ఉన్న మా బావకి వాట్సాప్‌లో పంపితే, “ఏంటి బావా, ఖాళీ ఫైల్ పంపావ్?” అని మెసేజ్. వీఎల్‌సీ వేసుకోమన్నాను. విని, “బానే ఉంది, కానీ వీణ కుడి చెవిలోనే వస్తోంది, నా ఇయర్‌ఫోన్ పోయిందా?” అన్నాడు. పోలేదు బావా, అది పాత అమీగా వైరింగ్.

మాడ్‌లో తీరని లోటు ఇంకొకటి ఉంది. వీణలో ఒక స్వరం మీటి ఇంకోటి మీటినా మొదటి తీగ నాదం కాసేపు మిగులుతుంది, పక్కన తాళపు తీగలు ఒకపక్క మోగుతూనే ఉంటాయి. మాడ్‌లో చానల్‌కి ఒక్కటే గొంతు, కొత్త స్వరం రాగానే పాతది కత్తిరించినట్టు తెగిపోతుంది. ఇంపల్స్ ట్రాకర్ దీనికి మందు కనిపెట్టింది: కొత్త స్వరం వచ్చినప్పుడు పాతదాన్ని తెంచాలా, అలాగే మోగనివ్వాలా, మెల్లగా ఆరిపోనివ్వాలా అని వాయిద్యం వాయిద్యానికీ చెప్పుకోవచ్చు. అందుకని ఇప్పుడు ఇదే మిశ్రచాపుని షిజమ్ ట్రాకర్‌లో ఐటీగా మళ్లీ కడుతున్నాను. ఈసారి ఒక్క షడ్జమంతో సరిపెట్టకుండా స్థాయికి రెండు మూడు స్వరాలు విడివిడిగా రికార్డు చేశాం, 16 బిట్లలో, ఫ్యాన్ ఆపేసి. తాళపు తీగలు కూడా తీసుకోమని పిన్నిగారే గుర్తుచేశారు. ఆ శాంపిళ్లని ఎవరైనా వాడుకునేలా పెడతాను అని అడిగితే ఒప్పుకున్నారు, ఆవిడ పేరు మాత్రం ఎక్కడా వద్దన్నారు. ఐటీ ఫైల్‌తో పాటే అవి కూడా ఇక్కడే పెడతాను.